వలపు ఎవరిది, నింద ఎవరిది?

వాటర్‌ఫోర్డ్‌లో షూర్ నది ఒడ్డున నడిచేవారు రెజినాల్డ్ గోపురం దగ్గర ఒక్క క్షణమైనా ఆగుతారు. గుండ్రని ఆ రాతి కట్టడం కొన్ని శతాబ్దాలుగా నదిని కాపలా కాస్తున్నట్లు నిలిచి ఉంది. నార్స్ ఓడవారు క్రీ.శ. 914లో ఇక్కడ స్థావరం ఏర్పరచుకొన్నారు. ఐర్లండులో తమదే ప్రాచీనతమ నగరమని ఇక్కడివారు గర్వంగా చెప్పుకోవడం అందుకే. గోపురానికి కొద్ది దూరంలో క్రైస్ట్ చర్చ్ ప్రధానాలయం ఉన్నది. నేటి భవనం 18వ శతాబ్దిది. దానికి పూర్వం అదే చోట ఉండిన పాత ఆలయంలో 1170వ సంవత్సరం ఆగస్టు నెలాఖరున ఒక పెండ్లి జరిగిందని స్థానిక సంప్రదాయం. వరుడు స్ట్రాంగ్‌బో అనే పేరుతో ప్రసిద్ధుడైన నార్మన్ ప్రభువు రిచర్డ్ డి క్లేర్. వధువు లెన్‌స్టర్ రాజకుమారి ఈఫా.

ఈ పెండ్లి కథను మన పిల్లలు ఇక్కడి బడిలో నేర్చుకొంటారు. ఇంటికి వచ్చి మనకు చెబుతారు. "ఒక రాణి భర్తను విడిచి వెళ్లిపోయినందువల్లనే పరాయివాళ్లు ఈ దేశానికి వచ్చారట, నిజమేనా?" అని అడిగే పిల్లలు మన ఇళ్లలో ఉన్నారు. ప్రశ్న చిన్నదే. కాని ఒక స్త్రీ వలపు వల్ల ఒక దేశం గతి మారిందని చెప్పే కథను వినగానే, మన కావ్యాలలోని ముగ్గురు స్త్రీలు మనకు జ్ఞాపకం రాక మానరు. కణ్వాశ్రమంలోని శకుంతల, హిమాలయం మీది వరూధిని, తంజావూరి కావ్యంలోని రాధిక. ఈ ముగ్గురి జీవితాలనూ వలపే మలుపు తిప్పింది. అయితే ఆ మలుపునకు బాధ్యత ఎవరి మీద పడింది? ఈ వ్యాసంలో మనం వెదకబోయేది ఆ ప్రశ్నకు సమాధానమే.

పదునాలుగేండ్ల ఎడం

ముందుగా పిల్లలు అడిగిన కథను చూద్దాం. 1152లో లెన్‌స్టర్ రాజు డెర్మాట్ మాక్‌మరో, బ్రెఫ్నీ రాజు టియర్నన్ ఓ రూర్క్ భార్యయైన డెర్వర్‌గిల్లాను తన రాజ్యానికి తీసుకొని పోయాడు. ఆమెతో పాటు ఆమె పశువులు, సొత్తు కూడా తరలిపోయాయి. మరుసటి ఏడాదే ఆమె తిరిగి వచ్చింది. 1166లో డెర్మాట్ రాజ్యభ్రష్టుడై సముద్రం దాటి వెళ్లి, ఇంగ్లండు రాజు రెండవ హెన్రీని ఆశ్రయించాడు. ఆయన అనుమతితో సైన్యం కూడగట్టుకొన్నాడు. తన పక్షాన యుద్ధం చేస్తే కుమార్తె ఈఫానూ, తన తదనంతరం రాజ్యాన్నీ ఇస్తానని స్ట్రాంగ్‌బోకు మాట ఇచ్చాడు. 1170 ఆగస్టు 25న వాటర్‌ఫోర్డ్ నగరం పట్టుబడింది. ఆ వెంటనే ఇచ్చిన మాట ప్రకారం వివాహం జరిగింది.

ఈ సంఘటనలు జరిగిన ఇరవై ఏండ్ల లోపలే వేల్స్ దేశపు రచయిత జెరాల్డ్ ఐర్లండు దండయాత్ర చరిత్రను లాటిన్ భాషలో వ్రాశాడు. ఆ దండయాత్రకు వచ్చినవారిలో ఆయన బంధువులే ఉన్నారు. లోకంలోని పెద్ద అనర్థాలకు మూలం స్త్రీలేనని చెబుతూ, ట్రాయ్ నగరాన్నీ రోమను సేనాని ఆంటొనీనీ సాక్ష్యంగా నిలిపి, ఆయన డెర్వర్‌గిల్లాను వారి వరుసలో చేర్చాడు. అప్పటినుంచి ఐర్లండు దురదృష్టమంతా ఒక స్త్రీ చాపల్యం నుంచి పుట్టిందన్న మాట తరతరాలుగా వినబడుతూ వచ్చింది.

కాని సంవత్సరాలను పక్కపక్కన పెట్టి చూడండి. ఆమె వెళ్లింది 1152లో. డెర్మాట్ రాజ్యం పోయింది 1166లో. నడుమ పదునాలుగేండ్లు గడిచాయి. ఆ పదునాలుగేండ్లూ డెర్మాట్ రాజుగానే ఉన్నాడు. అతనికి అండగా ఉండిన ఉత్తరాది మహారాజు ముర్కెర్టక్ మాక్‌లాక్లిన్ 1166లో మరణించిన తరువాతనే అతని శత్రువులందరూ ఒక్కటై మీద పడ్డారు. ఓ రూర్క్ పాత పగ అందులో ఒక పాయ మాత్రమే. సింహాసనాల పోటీ, డబ్లిన్ మీద పెత్తనం, పొరుగు రాజ్యాల భూములు - ఇవీ అసలు కారణాలు. దండయాత్రకు వచ్చినవారు భూమి కోసం వచ్చారు. ఒక స్త్రీ కోసం ఎవరూ ఓడ ఎక్కలేదు.

డెర్వర్‌గిల్లా కూడా కథలలోని అల్లరి పిల్ల కాదు. 1152 నాటికి ఆమెకు నలభై నాలుగేండ్లు. 1157లో మెల్లిఫాంట్ మఠాలయ ప్రతిష్ఠా సమయంలో ఆమె అరవై ఔన్సుల బంగారమూ, ఒక బంగారు పానపాత్రా, వేదికలకు వస్త్రాలూ సమర్పించింది. 1167లో క్లాన్‌మక్‌నాయ్స్‌లో సన్యాసినుల ఆలయాన్ని పూర్తి చేయించింది. మన దేశంలో గుడికి మాన్యాలు ఇచ్చి, మంటపాలు కట్టించిన రాణుల పేర్లు శాసనాలలో ఎలా నిలిచాయో, ఇక్కడి మఠాల వార్షిక చరిత్రలలో ఆమె దానాలు అలాగే నిలిచాయి. 1193లో ఆమె మెల్లిఫాంట్‌లోనే కన్నుమూసింది. అయినా లోకం జ్ఞాపకం పెట్టుకొన్నది ఆ ఒక్క ఏడాదినే.

ఇక ఈఫా సంగతి. డబ్లిన్‌లోని జాతీయ చిత్రశాలలో డేనియల్ మక్లీస్ 1854లో చిత్రించిన ఆమె వివాహ దృశ్యం ఉన్నది. గోడంత పెద్ద పటం. ముందు భాగమంతా హతులు, క్షతగాత్రులు, ఏడ్చే స్త్రీలు. నడుమ తల వంచుకొని నిలబడిన వధువు. దాని ఎదుట నిలబడిన ఎవరికైనా ఆ పెండ్లికీ వలపునకూ సంబంధం లేదని తెలిసిపోతుంది. ఒప్పందం తండ్రికీ వరునికీ మధ్య జరిగింది. ఐర్లండు చరిత్రను మార్చిన పెండ్లిలో వలపు లేదు, చరిత్రను మార్చిందని చెప్పిన వలపు వల్ల చరిత్ర మారలేదు.

ఇక్కడి కథకులు మాత్రం ఆ చరిత్రకారుని కంటె న్యాయంగా ఆలోచించారు. మన పిల్లలు బడిలో చదివే డెయిర్‌డ్రె కథే ఇందుకు సాక్ష్యం. ఆమె పుట్టకముందే, ఆమె అందం వల్ల ఆల్‌స్టర్ రాజ్యానికి చేటు తప్పదని జోస్యుడు చెప్పాడు. పురిటి బిడ్డను చంపివేయాలని వీరులు కేకలు వేశారు. కానర్ రాజు ఆమెను తన కోసమని ఏకాంతంలో పెంచాడు. ఆమె మాత్రం నీషా అనే యువకుని వరించి అతనితోనూ అతని తమ్ములతోనూ సముద్రం దాటింది. రాజు అభయమిచ్చి వారిని వెనుకకు పిలిపించి, వచ్చిన తరువాత ఆ ముగ్గురు అన్నదమ్ములనూ చంపించాడు. చేటు వచ్చిన మాట నిజమే. కాని కథలో ఆ చేటు తెచ్చింది డెయిర్‌డ్రె వలపు కాదు, రాజు మాట తప్పడం. రాజు తరఫున పూచీ ఉండిన ఫెర్గస్ అనే వీరుడు ఆ ద్రోహాన్ని సహించలేక తన వారితో శత్రురాజ్యానికి వెళ్లిపోతాడు. జోస్యం ఆమె మీద వేసిన నిందను కథ ఆమె మీద నుంచి దించింది.

సభలో నిలబడిన శకుంతల

ఈ చూపుతో మన సాహిత్యం వైపు తిరిగితే, తెలుగు కావ్యానికి మొదటి మెట్టులోనే శకుంతల ఎదురవుతుంది. రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుని ఆస్థానంలో, 11వ శతాబ్దిలో, నన్నయ భట్టారకుడు మహాభారతాన్ని తెలుగు చేయడం ఆరంభించాడు. ఆదిపర్వంలోనే శకుంతలా దుష్యంతుల కథ వస్తుంది.

వేటకు వచ్చిన దుష్యంతుడు కణ్వాశ్రమంలో శకుంతలను చూశాడు, గాంధర్వ విధిని వివాహమాడతానన్నాడు. ఆమె మోహంలో పడి తలవంచిన ముగ్ధ కాదు. తనకు పుట్టిన కొడుకే రాజ్యానికి వారసుడు కావాలని ముందే మాట తీసుకొన్నది. కొడుకు పుట్టాడు. రాజు పిలిపించలేదు. ఆమె బిడ్డను వెంటబెట్టుకొని తానే హస్తినాపురం చేరి నిండు సభలో నిలబడింది. రాజు ఆమెను ఎరుగనన్నాడు. ఎరిగి ఉండీ ఎరుగనన్నాడు.

అప్పుడు శకుంతల చెప్పిన మాటలు తెలుగు పాఠ్యపుస్తకాలలో తరతరాలుగా నిలిచి ఉన్నాయి. నూరు బావుల కంటె ఒక దిగుడుబావి, ఆ బావులు నూరింటి కంటె ఒక యజ్ఞం, నూరు యజ్ఞాల కంటె ఒక కొడుకు, నూరుగురు కొడుకుల కంటె ఒక సత్యవాక్యం మేలని ఆమె వాదం. వలచిన స్త్రీ సభలో అడిగింది ప్రేమను కాదు, సత్యాన్ని. ఆకాశవాణి ఆమె పక్షాన పలికింది. లోకం ఏమనుకొంటుందోనని అలా అన్నానని రాజు ఒప్పుకొన్నాడు. ఆ బిడ్డే భరతుడు.

ఇదే కథను కాళిదాస మహాకవి 'అభిజ్ఞాన శాకుంతలం'లో మరొక విధంగా నడిపించాడు. అక్కడ శకుంతల భర్త తలపులో మునిగి, వాకిట నిలిచిన దుర్వాసుని గమనించదు. ఆయన శపిస్తాడు. ఆ శాపం వల్ల దుష్యంతుడు ఆమెను మరచిపోతాడు. ఉంగరం నీటిలో జారిపోతుంది, చేప మింగుతుంది, జాలరి చేతికి చిక్కుతుంది, రాజుకు జ్ఞాపకం వస్తుంది. నాటక శిల్పానికి ఇది ఎంతో అందమైన మార్పు. నాయకుని శీలానికి మచ్చ రాకుండా కాపాడిన మార్పు కూడా. కాని తప్పు ఎక్కడి నుంచి ఎక్కడికి జరిగిందో గమనించండి. భారతంలో తప్పు రాజు నాలుకది. నాటకంలో అది ముని కోపానిది, కొంతమేర శకుంతల పరధ్యానానిది. ఆమె వలపే శాపానికి కారణమయింది.

15వ శతాబ్దిలో పిల్లలమర్రి పినవీరభద్రుడు 'శృంగార శాకుంతలము'లో ఈ రెండు సంప్రదాయాలనూ కలిపి ప్రబంధంగా మలిచాడు. అంటే ఒకే శకుంతల కథ తెలుగువారి చేతిలో ఒకటికి మించిన రూపాలలో ఉన్నది. పిల్లలకు ఏ రూపం చెప్పాలో ఎంచుకోవడం మన చేతిలో ఉన్నది. చాలామందిమి ఉంగరం కథే చెబుతాం. అది వినడానికి హాయిగా ఉంటుంది. సభలో నిలబడి వాదించిన శకుంతలను కూడా చెప్పకపోతే, మన భాషలో మొదటి మహాకవి మనకిచ్చిన స్త్రీని మనమే మరచినవారమవుతాం.

మంచు మీద కరిగిన లేపనం

శకుంతల వలపు ఫలించింది. వరూధిని వలపు తిరస్కృతమయింది. ఆ తిరస్కారం నుంచి ఏమి పుట్టిందో చెప్పిన కావ్యం అల్లసాని పెద్దన 'మనుచరిత్రము'. శ్రీకృష్ణదేవరాయలు 1509 నుంచి 1529 వరకు విజయనగరాన్ని ఏలినాడు. ఆయనకే అంకితమైన ఈ ప్రబంధంలో ఆరు ఆశ్వాసాలు ఉన్నాయి. మూలకథ మార్కండేయ పురాణంలోనిది. తిక్కన శిష్యుడైన మారన దానిని అంతకు ముందే, 14వ శతాబ్ది తొలినాళ్లలో, తెలుగు చేశాడు. పురాణంలో చిన్నదైన ఉపాఖ్యానాన్ని పెద్దన మహాప్రబంధంగా పెంచాడు.

అరుణాస్పదపురంలో ప్రవరుడనే బ్రాహ్మణ యువకుడు ఉన్నాడు. నిత్యాగ్నిహోత్రి, అతిథి పూజలో తృప్తి పొందేవాడు. యాత్రికులు వస్తే తీర్థాల కబుర్లు అడిగి అడిగి వినేవాడు. తాను మాత్రం ఊరు దాటి ఎరుగడు. ఒకనాడు వచ్చిన సిద్ధుడు అతని పాదాలకు ఒక పసరు పూసి, తలచిన చోటికి పోయే శక్తి ఇచ్చాడు. ప్రవరుడు హిమాలయం చూడబోయాడు. కొండలు చూసి మురిసి, ఇంటికి మరలబోతే పాదలేపనం మంచులో కరిగిపోయి ఉన్నది. హోమవేళ దాటిపోతోంది, దారి తెలియదు. గాలిలో వచ్చిన పరిమళాన్ని బట్టి మనుష్య సంచారం ఉన్నదని గ్రహించి అటు నడిచాడు. అక్కడ వీణ వాయిస్తూ వరూధిని అనే అప్సర ఉన్నది.

దారి అడగవచ్చిన అతన్ని ఆమె వలచింది. దాచలేదు. ధర్మం చేసేది సుఖం కోసమే గదా, ఆ సుఖమే ఎదుట నిలిచినపుడు దానిని వదిలి దేనికోసం వెదకడమని వాదించింది. ప్రవరుడు లొంగలేదు. ఆమె కౌగిలించుకోబోతే తోసివేశాడు. ఆమె ఏడ్చింది. అతడు అగ్నిదేవుని ప్రార్థించి, ఆయన అనుగ్రహంతో సూర్యాస్తమయానికి ముందే ఇల్లు చేరి తన హోమం చేసుకొన్నాడు. అక్కడితో అతని కథ ముగిసింది. తరువాతి ఆశ్వాసాలలో అతడు లేడు.

మనలో చాలామందిమి పిల్లలకు ఇక్కడివరకే చెబుతాం. ప్రవరుడు నిగ్రహవంతుడు, వరూధిని మోహంలో పడింది, కాబట్టి ప్రవరునిలా ఉండాలి అని ఒక నీతి చెప్పి పుస్తకం మూసివేస్తాం. పెద్దన మూయలేదు. ఇంకా నాలుగు ఆశ్వాసాలు వ్రాశాడు.

ఒకప్పుడు వరూధిని చేత తిరస్కృతుడైన ఒక గంధర్వుడు ఆమె విరహాన్ని చూశాడు. ప్రవరుని రూపం ధరించి ఆమె ఎదుటికి వచ్చాడు. కలిసినపుడు కన్నులు మూసుకోవాలని ఒక నియమం పెట్టాడు. ఆమె మూసిన కన్నుల వెనుక ప్రవరుని తేజస్సునే తలచింది. ఈ ఘట్టాన్ని పెద్దపిల్లలకు చెప్పేటప్పుడు మొహమాటపడకుండా చెప్పవలసిన మాట ఒకటి ఉన్నది. ఇక్కడ వరూధిని చేసిన తప్పు లేదు, ఆమె మోసపోయింది. తిరస్కారం ప్రవరునికి ఎంత హక్కో, ఆ గంధర్వుని తిరస్కరించడం వరూధినికీ అంతే హక్కు. ప్రవరుడు వద్దన్నపుడు వరూధిని ఏడ్చింది, కాని మాయ పన్నలేదు. వరూధిని వద్దన్నపుడు గంధర్వుడు కాచుకొని ఉండి మాయ పన్నాడు. తిరస్కారాన్ని భరించిన తీరులోనే ఇద్దరి శీలాలూ తేలిపోయాయి.

గంధర్వుడు వెళ్లిపోయాడు. వరూధినికి స్వరోచి పుట్టాడు. ఆమె మనసులో నిలిపిన తేజస్సే ఆ బిడ్డలో వెలిగిందని కథ. అతడు పెరిగి వీరుడై, ఆపదలో ఉన్న మనోరమను కాపాడి ఆమెనూ, ఆమె చెలులనూ వివాహమాడాడు. ఆ తరువాత ఒక వనదేవత వల్ల అతనికి కలిగిన కుమారుడే స్వారోచిష మనువు. పదునలుగురు మనువులలో రెండవవాడు. మనం నేడు సంకల్పంలో చెప్పుకొనే వైవస్వత మన్వంతరం ఏడవది. అంటే మన పూజలలో ప్రతిదినం మ్రోగే ఆ కాలగణనలో, మనకు ముందటి ఒక యుగచక్రం వరూధిని మనుమని పేరు మీద నడిచింది. కావ్యానికి పేరు ప్రవరచరిత్రం కాదు, మనుచరిత్రం.

వరూధినిని పెద్దన శపించలేదు. రాతిని చేయలేదు. ఆమె విరహాన్ని వెక్కిరించలేదు, దానికి ఓపికగా పద్యాల మీద పద్యాలు ఇచ్చాడు. ప్రవరుని నిష్ఠనూ తక్కువ చేయలేదు. కోరిన ఆమె, వద్దన్న అతడు - ఇద్దరూ గౌరవంగానే నిలబడ్డారు. కథ గతిని మార్చింది ఒకరి పాపం కాదు. మంచు మీద కరిగిన కొద్దిపాటి లేపనం, దాని వెంట వచ్చిన ఒక చూపు.

పుస్తకానికి పడిన శిక్ష

ఇంత విశాలంగా ఆలోచించిన సాహిత్యం మనదని గర్వించి ఊరుకోవడానికి వీలు లేదు. మూడవ కథ మనకు ఆ అవకాశం ఇవ్వదు. 18వ శతాబ్దిలో, తంజావూరును ప్రతాపసింహుడు ఏలుతున్న కాలంలో (1739-1763), ఆ ఆస్థానంలోని ముద్దుపళని అనే విదుషి 'రాధికా సాంత్వనము' వ్రాసింది. ఆమె దేవదాసీ కుటుంబంలో పుట్టినది. తన అవ్వ తంజనాయకి కూడా కళలలో పేరు పొందిన స్త్రీయే.

ఆ కావ్యంలో రాధ తాను పెంచిన ఇళ అనే కన్యను తానే అలంకరించి కృష్ణునికి ఇచ్చి పెండ్లి చేస్తుంది. చేసిన తరువాత తన మనసు ఆ ఎడబాటును ఓర్వలేదని తెలుసుకొంటుంది. అసూయతో, కోపంతో, దుఃఖంతో వేగిపోతుంది. చివరకు కృష్ణుడు వచ్చి ఆమెను ఓదార్చుతాడు. సాంత్వనమంటే ఓదార్పే. పురుషకవులు వ్రాసిన అనేక ప్రబంధాలలో స్త్రీ విరహం నాయకుని ఘనతకు అలంకారం. ఇక్కడ వయసు మీరుతున్న స్త్రీ మనసే కావ్యానికి కేంద్రం, ఆమెకు ఓదార్పు చెప్పవలసిన బాధ్యత నాయకునిది.

19వ శతాబ్ది చివర ఈ కావ్యం కొన్ని పద్యాలు తొలగించిన రూపంలో అచ్చయింది. కందుకూరి వీరేశలింగం పంతులు గారు తమ కవుల చరిత్రలో దీనిని తీవ్రంగా నిందించారు. స్త్రీల విద్య కోసం, వితంతు వివాహాల కోసం జీవితం ధారపోసిన మహనీయులాయన. అటువంటి వారికి కూడా ఒక స్త్రీ తన నోట శృంగారం చెప్పడం సహింపరానిదిగా తోచింది. బెంగుళూరు నాగరత్నమ్మ గారు ఈ కావ్యపు సంపూర్ణ ప్రతిని సంపాదించి పరిష్కరించి, 1910లో వావిళ్ల వారి ద్వారా ప్రకటించారు. సిగ్గు స్త్రీలకు మాత్రమేనా, పురుషులకు అక్కరలేదా అన్నది ఆమె వేసిన ప్రశ్న సారాంశం. దాని తరువాత ఆంగ్ల ప్రభుత్వం ఆ పుస్తకాన్ని అశ్లీలమని నిషేధించింది. నిషేధం తొలగినది 1947లో.

ఆ నాగరత్నమ్మ గారే తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి వద్ద ఆలయం కట్టించారు, తమ ఆస్తిని దానికి ధారపోశారు. అక్కడి ఆరాధనలో పాడే అర్హత స్త్రీలకూ ఉన్నదని నిలబెట్టారు. పుష్య బహుళ పంచమి నాడు లోకమంతటా పంచరత్న కీర్తనలు మ్రోగుతాయి. ఆ నాదానికీ, ఒక శృంగార కావ్యానికి జరిగిన న్యాయానికీ వెనుక నిలిచినది ఒకే స్త్రీ. భక్తినీ వలపునూ రెండు గదులలో పెట్టి తలుపు వేసే అలవాటు ఆమెకు లేకపోయింది.

రాధిక కథలో పాత్రకు శిక్ష లేదు. శిక్ష పుస్తకానికి పడింది. కవయిత్రి మీద పడింది. ఎనిమిది వందల యేండ్ల క్రితం డెర్వర్‌గిల్లా పేరు మీద జెరాల్డ్ వ్రాసిన తీర్పుకూ, ఇరవయ్యవ శతాబ్ది తొలినాళ్లలో ముద్దుపళని మీద వచ్చిన తీర్పుకూ మూలం ఒక్కటే. స్త్రీ వలచిందంటే అనర్థం ఆమెతోనే మొదలయి ఉంటుందన్న తొందరపాటు. ఆ తొందరపాటు ఏ ఒక్క దేశానిదీ కాదు.

గోపురం దగ్గరకు మళ్లీ

ఇప్పుడు మన పిల్లలు అడిగిన ప్రశ్నకు సమాధానం చెప్పవచ్చు. కాదు నాయనా, కాదమ్మా, ఒక రాణి వల్ల పరాయి సైన్యాలు రాలేదు. రాజ్యం పోగొట్టుకొన్న ఒక రాజు వాళ్లను పిలిచాడు, భూమి మీది ఆశతో వాళ్లు వచ్చారు, ఒక తండ్రి తన కూతురిని ఒప్పందంలో చేర్చాడు. కథను ఒక స్త్రీ మీద ముగించడం సులభం కాబట్టి చాలాకాలం అలా ముగించారు.

ఈ సమాధానం చరిత్ర పాఠానికి మాత్రమే పనికివచ్చేది కాదు. ఈ ఊళ్లో పెరుగుతున్న మన పిల్లలు రేపు పెద్దవారవుతారు. వారిలో ఒకరు ఒకనాటి సాయంత్రం వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, "అమ్మా, నాన్నా, మీతో ఒక మాట చెప్పాలి" అంటారు. వారు వలచిన మనిషి పేరు చెబుతారు. లేదా వలచి తిరస్కృతులై వచ్చి మౌనంగా కూర్చుంటారు. లేదా తమకు వద్దన్న మాటను ఎవరో వినిపించుకోవడం లేదని భయపడుతూ చెబుతారు. ఆ రోజున మన నోట మొదటగా వచ్చే మాట ఏది? తప్పు ఎవరిదని వెదకడమా, ఏమి జరిగిందని వినడమా? ఆ మాట ఆనాటికి అప్పటికప్పుడు పుట్టదు. ఇన్నేండ్లుగా మనం వారికి ఏ కథలు చెప్పామో, ఎలా ముగించామో, దానినుంచే వస్తుంది.

కావున ఈ నెల మన ఇళ్లలో ఒక పని చేద్దాం. చిన్నపిల్లలకు శకుంతల కథను రెండు విధాలుగానూ చెబుదాం. ముందు ఉంగరం కథ, తరువాత సభలోని కథ. ఏ శకుంతల నచ్చిందో, ఎందుకు నచ్చిందో వారినే తెలుగులో రెండు వాక్యాలు చెప్పమందాం. పెద్దపిల్లలకు మనుచరిత్ర కథను ప్రవరుడు ఇల్లు చేరిన చోట ఆపకుండా, స్వారోచిష మనువు పుట్టేదాకా చెబుదాం. వారు బడిలో నేర్చిన డెయిర్‌డ్రె కథను మనకు చెప్పమని అడుగుదాం. రెండు కథలలో మాట తప్పింది ఎవరు, మోసం చేసింది ఎవరు అని కలిసి ఆలోచిద్దాం.

తరువాత ఒక ఆదివారం, వాన లేని పూట చూసుకొని, అందరం కలిసి షూర్ నది ఒడ్డుకు నడుద్దాం. గోపురాన్ని చూపించి ఈఫా పెండ్లి కథను ఈసారి పిల్లలకు మనమే చెబుదాం. చెప్పేటప్పుడు డెర్వర్‌గిల్లా పేరు కూడా తలుద్దాం. అరవై ఔన్సుల బంగారం గుడికి ఇచ్చిన రాణిగా తలుద్దాం.